నలభై ఒకటో అంశం

జనవరి 12

అన్నయ్యకు,

ఇల్లు కొన్నాను. ఈ మాట రాయడానికి కొత్త కాగితం తీశాను. పాత బిల్లుల వెనక రాయలేదు చూడు.

నగరం నడిబొడ్డున, పాత కోటగోడ లోపలి పేటలో, మొదటి అంతస్తు. రెండు గదులు, ఒక వంటగది. కింద తాళాలు బాగుచేసే దుకాణం. కట్టి రెండు వందల ఏళ్ళు దాటిందట. గోడ మందం మూడు జానలుంది. జానలంటే నీకు ఒళ్ళు మండుతుందని తెలుసు, కానీ చేతిలో వేరే కొలబద్ద లేదు. వీధి ఎంత ఇరుకంటే ఎదురింటావిడ కూర తరుగుతుంటే ముక్కలు లెక్కపెట్టవచ్చు. నా కళ్ళద్దాల దుకాణం ఆరు నిమిషాల నడక. మధ్యాహ్నం ఇంటికొచ్చి వేడిగా తిని, మళ్ళీ వెళ్ళి సాన ముందు కూర్చుంటున్నాను.

ముప్పై ఏళ్ళలో తొమ్మిది అద్దె ఇళ్ళు మారాను. ఒకాయన కొడుక్కి పెళ్ళి కుదిరిందని ఖాళీ చెయ్యమన్నాడు. ఇంకొకాయన కొడుకు పెళ్ళి తప్పిపోయిందని ఖాళీ చెయ్యమన్నాడు. ఒకావిడ తన కుక్క నన్ను చూస్తే అన్నం ముట్టడం లేదని చెప్పింది. ఇక ఎవరూ నాతో ఆ మాట అనలేని చోట ఉండాలి. నాకు కావలసింది అదొక్కటే.

ఒక చిక్కు మాత్రం ఉంది. ఈ పేట మొత్తం పురాతన కట్టడాల కింద నమోదైంది. ఇరవై రెండేళ్ళ కిందట సంరక్షణ కార్యాలయం వాళ్ళు ఇంటింటికీ తిరిగి, ఏ ఇంట్లో ఏమేం ఉన్నాయో జాబితా రాశారు. ఇల్లు చేతులు మారితే ఎనిమిది నెలలకు తనిఖీకి వస్తారు. అన్నీ జాబితాలో ఉన్నట్టే ఉంటే పక్కా పత్రం ఇస్తారు. ఏదైనా తేడా వస్తే అమ్మకం రద్దు. నేనిచ్చింది నాకు తిరిగొస్తుంది, ఇల్లు అమ్మినాయన దగ్గరికి తిరిగిపోతుంది. నా జాబితాలో అరవై మూడు అంశాలున్నాయి. మెట్లలో మూడోది విరిగి ఉంటుంది, అది విరిగే ఉండాలి. కుళాయి నాలుగు క్షణాలకు ఒక చుక్క కారాలి. మెట్ల దగ్గర కిరసనాయిలు వాసన రావాలి. అందుకని సోమవారం సోమవారం ఒక చెంచాడు పోస్తున్నాను.

అన్నట్టు, ఇంటితో పాటు ఒక పెద్దాయన కూడా వచ్చాడు. కిటికీ దగ్గర కూర్చుంటాడు. నెమ్మదైన మనిషి. ఆ సంగతి తీరిగ్గా రాస్తాను. రెండు జతల అద్దాలు పదింటికల్లా ఇవ్వాలి.

సొంతింటి నుంచి,
నీ చెల్లి


జనవరి 21

చెల్లాయ్,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. రెండుసార్లు ఇంటి కోసం, మూడోసారి పెద్దాయన కోసం.

ఇల్లు కొన్నందుకు మా ఇద్దరికీ సంతోషం. మీ వదిన మాత్రం ఉత్తరం నా చేతిలోంచి లాక్కుని, ఆడది చివర్లో రాసిందంటే అదే అసలు విషయం అని తేల్చేసింది. యాభై రెండేళ్ళ వయసులో తోడు చూసుకోవడం తప్పని నేననను. ఎన్నాళ్ళని ఒక్కదానివే ఉంటావు? కానీ 'ఇంటితో పాటు వచ్చాడు' అని రాయడం ఏం పద్ధతి? ఆయనేమన్నా బీరువానా? వయసెంత, ఏం పని చేసేవాడు, అంతకు ముందు సంసారం ఉందా, ఉంటే వాళ్ళకు ఈ సంగతి తెలుసా? కిటికీ దగ్గర కూర్చుంటాడని రాశావు. అది తప్ప ఇంకేమైనా చేస్తాడా?

మీ వదిన ఆయనకు స్వెటర్ మొదలుపెట్టింది. చాతీ కొలత పంపమని రాయమంది. నువ్వు పంపవని తనకే తోచి, నా కొలత తీసుకుంది.

ఇక్కడి విశేషం ఒకటి. మా వీధి వెడల్పు రికార్డుల్లో ముప్పై అడుగులు. నేను కొలిస్తే ఇరవై తొమ్మిది అడుగుల ఏడంగుళాలు వచ్చింది. సర్వే ఆఫీసులో ముప్పై నాలుగేళ్ళు గొలుసు పట్టిన వాణ్ణి, ఊరుకోలేక రాశాను. జవాబు లేదు. ఐదంగుళాల వీధి ఎటు పోయిందో ఎవరికీ పట్టలేదు.

వివరాలు రాయి. సిగ్గుపడకు.

మీ అన్నయ్య


ఫిబ్రవరి 2

అన్నయ్యా,

ముందు వదిన చేతిలోంచి ఆ సూదులు తీసుకో.

ఆ పెద్దాయన జాబితాలో నలభై ఒకటో అంశం. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను: 'పడమటి కిటికీ వద్ద చెక్క కుర్చీ. కుర్చీలో తెల్ల చొక్కా తొడుక్కున్న ముసలాయన, ఎడమ కాలు మీద కుడి కాలు వేసుకుని, వీధిలోకి చూస్తూ.' జాబితా రాసిన రోజు ఆ కుర్చీలో కూర్చున్నది ఈ ఇల్లు అమ్మిన పళ్ళ డాక్టరు గారి తండ్రి. రాసినవాడు కనిపించింది కనిపించినట్టు రాసుకుపోయాడు. ఆ తండ్రి పోయాక డాక్టరు గారు కార్యాలయానికి వెళ్ళి ఆ అంశం కొట్టెయ్యమని అడిగారట. జాబితాలో ఉన్నది 'ముసలాయన' అనే గాని ఫలానా ముసలాయన అని కాదు, ఇంకొకర్ని చూసుకోండి అన్నారట. మొదట ఒక సంగీతం మాస్టారు కూర్చున్నాడు. ఆరేళ్ళ నుంచి ఈయన. బస్సు కండక్టరుగా పనిచేసి రిటైరయ్యాడు. రెండు వీధుల అవతల కొడుకు దగ్గర ఉంటాడు.

తనిఖీ రోజు కూర్చుంటే చాలు. ఆ మాటే ఆయనతో అన్నాను. మా ఇంట్లో కుర్చీ ఖాళీగా ఉండదమ్మా అన్నాడు. పదింటికి భోజనం డబ్బాతో వస్తాడు, ఐదింటికి వెళ్ళిపోతాడు. నేను 'నలభై ఒకటి గారు' అని పిలుస్తున్నాను. ఆయనకు నచ్చింది. కండక్టరుగా ఉన్నప్పుడు తన నంబరు తొంభై మూడట, ఇప్పుడు పదోన్నతి వచ్చిందన్నాడు.

డాక్టరు గారు ఈ ఇల్లు అమ్మడం ఇది నాలుగోసారి. మూడుసార్లు తనిఖీలో పోయి వెనక్కి వచ్చింది. ఒకరు మూడో మెట్టు బాగుచేయించారు. ఒకరు కుళాయి మార్చారు. ఇంకొకరు ముసలాయన్ని తీసి పూలకుండీ పెట్టారు. తాళాలు ఇస్తూ డాక్టరు గారు నా రెండు చేతులూ పట్టుకుని, ఈసారైనా నిలబెట్టండమ్మా అన్నారు. పన్ను పీకే ముందు ఆయన మొహం అలాగే ఉంటుందనుకుంటాను.

కాబట్టి పెళ్ళీ లేదు, సంసారమూ లేదు. సెప్టెంబరు దాకా ఏదీ కదలకుండా చూసుకోవాలి, అంతే.

తొందరలో,
చెల్లి


ఫిబ్రవరి 11

చెల్లాయ్,

నలభై ఒకటో అంశం మీ వదినకు చదివి వినిపించాను. నమ్మలేదు. అబద్ధం చెప్పాలనుకుంటే మనిషి ఇంత వివరంగా చెబుతుందా అని నేనంటే, అబద్ధం కాబట్టే ఇంత వివరం కావలసి వచ్చింది అంది. స్వెటర్ పూర్తయింది. నిన్న పార్సిల్ వేశాం. ముదురు ఎరుపు. నాకెప్పుడూ ఆ రంగు అల్లలేదు.

నేను మాత్రం నమ్మాను. పైగా ఆ జాబితా రాసినవాడు పనిమంతుడు. మా మొదటి అధికారి అనేవాడు: కంటికి కనిపించింది రాయి, మనసుకు తోచింది రాయకు. నేను ఒక పొలం సర్వేలో 'గట్టు మీద ఎద్దు పడుకుని ఉన్నది' అని రాస్తే తోటివాళ్ళు నవ్వారు. తర్వాత ఆ గట్టు ఎక్కడిదని కోర్టులో తగువు వస్తే, ఎద్దు పడుకునేంత వెడల్పు ఉందని తేలింది నా కాగితం వల్లే.

ఒక మాట అడుగుతాను. 'ఎడమ కాలు మీద కుడి కాలు' అంటున్నారు. నీ కండక్టరు రోజూ అలాగే కూర్చుంటున్నాడా? చూసి రాయి. ఇలాంటి చోటే దెబ్బ తింటారు.

అన్నయ్య


మార్చి 3

అన్నయ్యా,

స్వెటర్ వచ్చింది. పార్సిల్ విప్పుతుంటే నలభై ఒకటి గారు చూశారు. ఎవరికమ్మా అన్నారు. ఏం చెప్పను? మీకేనన్నాను. ఆయన దాన్ని ఒళ్ళో పెట్టుకుని అల్లిక అంతా వేళ్ళతో తడిమి చూశారు. యూనిఫాం కాకుండా తన కొలతకు ఎవరైనా బట్టలు చేసింది ఇదే మొదటిసారట. నీ చాతీ ఆయనకు సరిగ్గా సరిపోయింది.

ఇప్పుడు విప్పడం లేదు. ఎండలు మొదలయ్యాయి, ఆయన చెమటలు కక్కుతున్నారు, అయినా విప్పరు. తెల్ల చొక్కా లోపలే ఉందిగా, జాబితాలో పైన ఏం ఉండకూడదని రాయలేదుగా అని నాతో వాదిస్తున్నారు. తనిఖీ రోజు ఒక్క గంట విప్పితే చాలని ఒప్పందానికి వచ్చాం.

కాలు సంగతి అడిగావు. ఆయన కుడి మోకాలు ముప్పై ఏళ్ళు బస్సులో నిలబడి నిలబడి అరిగిపోయింది. పైకి లేవదు. ఎడమ కాలే కుడి కాలు మీద వేస్తారు. అదీ తనిఖీ రోజు ఒక్క గంట చూసుకుంటారు, చేతులతో ఎత్తి పెట్టుకుంటానన్నారు. నిన్న వేసి చూశాం. పన్నెండు నిమిషాలు నిలిచింది. పక్కింటి మొగుడూ పెళ్ళాలు కూడా మాట ఇచ్చారు. వాళ్ళ గొడవ నా జాబితాలో యాభై రెండో అంశం. జాబితా రాసిన ఏడాదే రాజీపడ్డారు గానీ, తనిఖీ రోజు నా కోసం కాసేపు పోట్లాడుకుంటామన్నారు.

కాబట్టి అంతా సవ్యంగానే ఉంది. నువ్వు బెంగపెట్టుకోకు. ఎవరికీ ఏమీ చెప్పకు.

వదినకు నా మాటగా, స్వెటర్ బాగుందని చెప్పు. మిగతాది చెప్పి లాభం లేదు.

నీ చెల్లి


మార్చి 14

చెల్లాయ్,

పన్నెండు నిమిషాలు చాలవు. నా అనుభవంలో తనిఖీ అధికారి నలభై నిమిషాలకు తక్కువ ఉండడు. నీ ఇల్లు ఒక ముసలాయన మోకాలి మీద ఆధారపడటం నాకు నిద్ర పట్టనివ్వలేదు.

అందుకని నీకు శ్రమ లేకుండా నేనే సంరక్షణ కార్యాలయానికి ఒక సవరణ అభ్యర్థన పంపాను. నలభై ఒకటో అంశంలో 'ఎడమ కాలు మీద కుడి కాలు' అనే చోట 'కుడి కాలు మీద ఎడమ కాలు' అని దిద్దమన్నాను. కారణం కింద మోకాలి పరిస్థితి, స్వెటర్ విషయం, ఒక్క గంట ఒప్పందం కూడా దాచకుండా రాశాను. నిజం చెబితే ఆఫీసువాళ్ళు గౌరవిస్తారు. ఎంత పొదుపుగా రాశానంటే, అరపేజీలో సరిపోయింది.

ఇక నిశ్చింతగా ఉండు. జవాబు నేరుగా నీకే వస్తుంది.

అన్నయ్య


ఏప్రిల్ 6

అన్నయ్యకు,

వచ్చింది.

ఒక్క అంశం సవరించాలన్నా మొత్తం జాబితా మళ్ళీ రాయాలట. కొత్త జాబితా తయారయ్యేదాకా నా కొనుగోలు ఫైలు నిలిపివేశారు. ఈ నెల 22న సర్వేకు వస్తున్నారు.

ఎవరికీ ఏమీ చెప్పకు అని రాశాను. ఆ వాక్యంలో నీకు ఏ మాట అర్థం కాలేదో తెలియజేస్తే దిద్దుకుంటాను.

పదో అద్దె ఇల్లు వెతుక్కోమంటే నా వల్ల కాదు.

చెల్లి


ఏప్రిల్ 17

చెల్లాయ్,

నీ కోపం న్యాయమే కావచ్చు. కానీ తప్పుడు నమోదు మీద నిలిచిన హక్కు ఎప్పటికైనా కూలుతుంది. ఇది నా అభిప్రాయం కాదు, ముప్పై నాలుగేళ్ళ పని. మీ వదిన మూడు రోజులుగా నాతో మాట్లాడటం లేదు. పెళ్ళికొడుకు మోకాలి గురించి ఆఫీసులకు రాసేవాణ్ణి ఎక్కడా చూడలేదట.

సర్వే రోజుకు ఒక్క సలహా. ఇది చాలా ముఖ్యం. ఆ రోజు నువ్వు ఇంట్లో ఉండకు. తాళం చెవి కింద దుకాణంలో ఇచ్చేసి బయటికి పో. ఎదురుగా ఉన్నది ఏదైనా సరే, సర్వేవాళ్ళు రాసేస్తారు.

అన్నయ్య


ఏప్రిల్ 25

అన్నయ్యా,

ఇంట్లో ఉండకు అన్న నీ ఉత్తరం 23వ తేదీ మధ్యాహ్నం అందింది.

22న పదకొండింటికి ఒక సర్వేయరమ్మ వచ్చింది. ముప్పై లోపు ఉంటుంది. కళ్ళద్దాల ఫ్రేము ఎడమవైపు జారి ఉంది. నా చెయ్యి ఊరుకోదు కదా, సరిచేస్తానన్నాను. సర్వే ముగిసేదాకా ఇక్కడ ఏదీ మార్చకూడదు, నాతో సహా అంది. వరుసగా రాసుకుంటూ వచ్చింది. మెట్టు, కుళాయి, వాసన, పక్కింటివాళ్ళు మాట ప్రకారం మొదలుపెట్టిన గొడవ. కిటికీ దగ్గర నలభై ఒకటి గారు స్వెటర్ తొడుక్కుని, ఎడమ కాలు కుడి కాలు మీద వేసుకుని, దర్జాగా కూర్చున్నారు. అలాగే రాసింది. నేను వంటగదిలో కూర కలుపుతున్నాను.

అంతా అయ్యాక, నియమం ప్రకారం సవరణ అభ్యర్థనను ఇంట్లో చదివి వినిపించాలి అంది. నీ అరపేజీ చదివింది. 'నా చెల్లెలు అమాయకురాలు, ఇటువంటి విషయాల్లో అవగాహన తక్కువ, ఆమె తరఫున ఆలోచించడం చిన్నప్పటి నుంచి నాకు అలవాటు' అనే దాకా ఓపిక పట్టాను. అక్కడ గరిటెతో గుమ్మంలోకి వచ్చాను.

ఆమె తలెత్తి చూసి, మళ్ళీ రాయడం మొదలుపెట్టింది.

"ఏం రాస్తున్నావమ్మా?"

"కనిపించిందండీ."

"నేను ఇల్లు కొనుక్కున్నదాన్ని. కుర్చీనీ బల్లనీ కాదు."

"అది తేల్చేది పైవాళ్ళండీ. నేను రాస్తానంతే."

"పోనీ పక్కకు తప్పుకుంటాను. కొట్టెయ్."

"కొట్టివేత ఉంటే కాగితం చెల్లదండీ. మళ్ళీ మొదటి నుంచి రావాలి."

కిటికీ దగ్గర నుంచి నలభై ఒకటి గారు ఇటు తిరగకుండానే అన్నారు: "సీటు దొరికిందిగా తల్లీ. ఇంక దిగక్కర్లేదు."

కొత్త జాబితా నకలు ఇచ్చి వెళ్ళింది. అరవై నాలుగో అంశం: 'వంటగది గుమ్మంలో యాభై ఏళ్ళు దాటిన స్త్రీ, అయిదడుగుల మూడంగుళాల ఎత్తు, కుడి చేతిలో గరిటె, కోపంగా.'

దీనికి అర్థం ఏమిటో నీకు తెలిసి ఉంటుంది. నాకు తెలియదు. రాయి. దయచేసి నాకు మాత్రమే రాయి.

చెల్లి


మే 20

అన్నయ్యా,

నీ దగ్గర నుంచి జవాబు రాకముందే కార్యాలయం నుంచి ఆదేశం వచ్చింది. రెండు కాగితాలు.

మొదటిది నాకు. జాబితాలోని అంశం, ఆ జాబితా వర్తించే కట్టడానికి యజమాని కాజాలదు. అమ్మకం రద్దు. నేనిచ్చిన డబ్బు ఇచ్చినట్టే తిరిగి వచ్చేసింది, అందులో తేడా లేదు. కాగితం బల్ల మీద పెట్టి, పెట్టెలు కిందికి దింపాను. తొమ్మిదిసార్లు సర్దినదాన్ని, చేతులకు వాటంతట వాటికే తెలుసు. ఏడుపు రాలేదు. ముందు ఇత్తడి సామాను, తర్వాత పుస్తకాలు, ఆఖర్న పరుపు.

సాయంత్రం నాలుగింటికి డాక్టరు గారు పైకి వచ్చారు. ఆయన చేతిలో రెండో కాగితం. పాపం మనిషి ఒక వారంలో చిక్కిపోయారు. కూర్చోమన్నాను. కూర్చుని, నా పెట్టెల వైపు చూసి గాభరాపడ్డారు.

"అమ్మా, ఎక్కడికి?"

"ఇల్లు మీదే కదండీ ఇప్పుడు. ఖాళీ చేస్తున్నాను."

"మీరు వెళ్తే నన్ను జైల్లో పెడతారమ్మా."

కాగితం చదివాను. అరవై నాలుగో అంశాన్ని యథాస్థానం నుంచి తొలగించినా, తొలగిపోనిచ్చినా, పాడవనిచ్చినా యజమాని శిక్షార్హుడు. ఏటా సెప్టెంబరు 5న పది నుంచి పన్నెండు గంటల మధ్య తనిఖీ ఉంటుంది. మిగతా రోజుల్లో అంశం తన పనుల మీద తిరగవచ్చు, నివాసం మాత్రం ఇక్కడే. అద్దె సంగతి అడిగితే, గోడ అద్దె కడుతుందా అమ్మా, మీరూ అంతే అన్నారు. పాడవనివ్వకూడదు కాబట్టి నెలకోసారి మా ఇద్దరి పళ్ళూ చూస్తానన్నారు. అక్కడే నలభై ఒకటి గారి నోరు తెరిపించి చూశారు. రెండు కదులుతున్నాయట.

పెట్టెలు ఇంకా గుమ్మం దగ్గరే ఉన్నాయి. విప్పాలో లేదో తెలియడం లేదు.

నీ చెల్లి


మే 30

చెల్లాయ్,

పెట్టెలు విప్పకు. తొందరపడకు. నేను రెండు రాత్రులు నిబంధనల పుస్తకం చదివాను. దారి ఉంది.

జీవించి ఉన్న కొనుగోలుదారును అంశంగా నమోదు చేయడం మీద అప్పీలు వేయవచ్చు. గెలిస్తే అరవై నాలుగు కొట్టేస్తారు. నువ్వు మామూలు మనిషివి అవుతావు, అమ్మకం మళ్ళీ బతుకుతుంది. అప్పుడు అసలు తనిఖీ ఎదుర్కోవాలి, పాస్ అయితే ఇల్లు నీదే. అప్పీలు తయారుచేశాను, పదకొండు పేజీలు. నీ సంతకం చాలు.

నా వల్ల నీ ఇల్లు పోయింది. అది నేను మోయలేను. మీ వదిన మూడు పూటలూ అదే గుర్తు చేస్తోంది. మనుషుల్ని వస్తువుల జాబితాలో రాయడం తప్పని, ముప్పై నాలుగేళ్ళ తర్వాత ఒప్పుకుంటున్నాను. ఎద్దు సంగతి వేరు.

సంతకం పెట్టి వెంటనే పంపు.

అన్నయ్య


జూన్ 9

అన్నయ్యా,

పదకొండు పేజీలూ చదివాను. ఎక్కడా తప్పు లేదు. సంతకం పెట్టడం లేదు.

కారణం చెబుతాను. నువ్వు గెలిస్తే నేను యజమానిని అవుతాను. యజమాని ఇల్లు పోగొట్టుకోవచ్చు. ఈ ఇంటి విషయంలో మూడుసార్లు జరిగింది, నాది నాలుగోసారి. కానీ అంశం తన చోటు శాశ్వతంగా పోగొట్టుకుందని ఈ పేటలో ఇంతవరకు ఎక్కడా లేదు. నేనే వెళ్ళి కార్యాలయంలో అడిగాను. విరిగిన మెట్టును విరిగినట్టే ఉంచడానికి ఇరవై రెండేళ్ళుగా ఒక గుమాస్తా ఏటా వచ్చి కొలిచి వెళ్తున్నాడట. నన్ను ఒక చోట ఉంచడానికి ఇంతమంది ఇంత పని ఎప్పుడూ చెయ్యలేదు.

మొన్న డాక్టరు గారు పైకప్పు చూడటానికి వచ్చారు. వర్షం పడితే వంటగది గుమ్మం మీద కారుతుంది, అక్కడ నిలబడేది అంశం కదా, తడిస్తే ఆయన మీదికి వస్తుంది. పెంకులు మార్పించారు, పాత పెంకుల్లాంటివే వెతికి. కిందికి దిగుతూ, ఇంకేమైనా ఇబ్బంది ఉంటే చెప్పండమ్మా అన్నారు. తొమ్మిది మంది ఇంటివాళ్ళలో ఒక్కరైనా ఆ మాట అన్నారా?

పెట్టెలు విప్పేశాను. పరుపు ముందు వేశాను.

ఇప్పుడు నాకున్న చిక్కు ఒక్కటే. జాబితాలో 'కోపంగా' అని ఉంది. గరిటె ఉంది, గుమ్మం ఉంది, కోపం రావడం లేదు. రెండు వారాలుగా ప్రయత్నిస్తున్నాను. నలభై ఒకటి గారు కండక్టరు పద్ధతిలో నన్ను విసిగించి చూశారు. చిల్లర లేదన్నారు, ముందుకు జరగమన్నారు, ఇది మీ స్టాపు కాదన్నారు. నవ్వొచ్చింది. పక్కింటివాళ్ళు తమ గొడవలో నన్ను కూడా కలుపుకున్నారు. ఆవిడ నన్ను తిట్టబోయి, మధ్యలో ఆపి, మంచినీళ్ళు తాగుతావా అంది. నవ్వు మొహంతో నిలబడితే అంశంలో తేడా వచ్చినట్టే.

అందుకని నీకు ఒక పని అప్పగిస్తున్నాను. సెప్టెంబరు 5న పొద్దున అందేలా నాకు ఒక ఉత్తరం రాయి. ప్రత్యేకంగా ఏమీ వద్దు. ఎప్పుడూ రాసినట్టే రాయి.

నీ చెల్లి


ఆగస్టు 31

చెల్లాయ్,

నువ్వడిగింది నా చేతకాదు. కోపం తెప్పించడానికి ఉత్తరం రాయడం నాకు రాదు. నేను జీవితంలో ఎవరికీ కోపం తెప్పించలేదు. పక్కగదిలోంచి మీ వదిన ఏదో అంటోంది, వినిపించడం లేదు.

అప్పీలు విషయంలో నీ నిర్ణయం నీది. ముప్పై ఏళ్ళలో తొమ్మిది ఇళ్ళు మారావంటే తప్పు మొత్తం ఇంటివాళ్ళదే అని మాత్రం నేననుకోను. ఆ కుక్కకు కూడా ఏదో కారణం ఉండి ఉంటుంది. ఇది నిందించడానికి కాదు, నమోదు కోసం.

నువ్వు రాసి పంపిన అరవై నాలుగో అంశం మళ్ళీ పరిశీలించాను. నీ ఎత్తు అయిదడుగుల మూడంగుళాలని ఉంది. నువ్వు అయిదడుగుల రెండున్నర. నీ పదహారో ఏట నేనే గోడకు నిలబెట్టి కొలిచాను, ఆ తర్వాత నువ్వు పెరగలేదు. ఈ అరంగుళం ఎక్కడిది? ఆ రోజు చెప్పులు వేసుకుని ఉన్నావా? వంటగదిలో చెప్పులేమిటి? అమ్మ ఎన్నిసార్లు చెప్పింది? చెప్పులు లేకుండా ఉంటే సర్వేయరమ్మ తప్పు రాసింది. తప్పుడు నమోదు ఉన్నదని తెలిసీ ఊరుకోవడం నాకు నేరంగా తోస్తోంది.

ఒక చిన్న సవరణ అభ్యర్థన రాసి కవర్లో పెట్టాను. అరపేజీ కూడా లేదు. ఇంకా పోస్టు చెయ్యలేదు. వచ్చే వారం నేనే టేపు తీసుకుని వచ్చి, నిన్ను గోడకు నిలబెట్టి కొలిచాక పంపుతాను. ఈ వయసులో నీ పొట్టితనం దాచుకుని ప్రయోజనం లేదు.

ఏదైనా నీ మంచికే.

అన్నయ్య


సెప్టెంబరు 5

అన్నయ్యా,

నీ ఉత్తరం ఇవాళ పదిన్నరకు అందింది. గరిటె పట్టుకునే చదివాను. అమ్మ ఎన్నిసార్లు చెప్పింది అన్న చోటికి వచ్చేసరికి తనిఖీకి వచ్చినవాళ్ళు మెట్లెక్కుతున్నారు. మూడో మెట్టు దగ్గర వాళ్ళలో ఒకరు తూలిన చప్పుడు వినిపించింది. నేను గుమ్మంలో నిలబడ్డాను.

ఇద్దరు వచ్చారు. వాళ్ళలో పెద్దాయన నన్ను చూసి రెండడుగులు వెనక్కి వేశాడు. అరవై నాలుగు ఎదురుగా టిక్కు పెట్టి, రిమార్కుల గడిలో రాశాడు. తలకిందులుగా చదివాను: 'అద్భుతంగా భద్రపరచబడింది.' నలభై ఒకటి గారికి ఉత్త టిక్కే వచ్చింది. అప్పటి నుంచి అలిగి కూర్చున్నారు.

వాళ్ళు వెళ్ళి మూడు గంటలైంది. నా కోపం ఇంకా దిగలేదు. వచ్చే ఏడాదికి కూడా మిగిలేలా ఉంది.

వచ్చే వారం వస్తానన్నావు. రా. వదినను కూడా తీసుకురా, ఆయన్ని తను కళ్ళారా చూడాలి. రెండో గదిలో పరుపులు వేస్తాను. ఎన్నాళ్ళు కావాలంటే అన్నాళ్ళు ఉండండి. ఈ ఇంట్లోంచి మిమ్మల్ని ఎవరూ పొమ్మనరు.

టేపు మాత్రం ఇంట్లో పెట్టి రా.

నీ చెల్లి